గంప కింద గూఢచారి

మే నెలలో మా కోటగిరిలో పొద్దు వాలేదాకా ఎవరూ గడప దాటరు. యాసంగి వరి కోతలయిపోయి పొలాలు బోడిగా ఉంటాయి. కాలువ ఎండి అడుగున పగుళ్ళు కనబడుతుంటాయి. ఆ ఎండలో ఇంట్లో కూర్చుని చేయగలిగిన పనులు రెండే రెండు: ఒకటి నిద్ర, రెండు పిల్లలతో వాదన. పోయిన వేసవిలో నాకు మొదటిది దక్కలేదు. హైదరాబాదు నుంచి మా మనవడు దిగాడు.

వాడికి పదకొండేళ్ళు. ప్రశ్న లేకుండా పలకరించడం వాడికి చేతకాదు. దిగిన మూడోనాడు, నేను మంచం మీద అటు తిరిగానో లేదో, "తాతా, నువ్వు చిన్నప్పుడు స్పై సినిమాలు చూసినవా?" అన్నాడు.

నా నిద్ర ఎగిరిపోయింది. ఆ ప్రశ్న నన్నెవరూ అడగక ఎన్నేళ్ళయిందో! లేచి కూర్చుని, "చూడకేం? గూఢచారి 116!" అన్నాను.

అది 1966. నాకు పదిహేనేళ్ళు. 1962లో 'డాక్టర్ నో'తో మొదలైన జేమ్స్ బాండు గాలి అప్పటికి మన తెలుగుదేశం దాకా వీచింది. అంతకు ముందు ఏడాదే 'తేనెమనసులు'లో కొత్తగా కనబడిన కృష్ణ చేతికి నిర్మాత డూండీ, దర్శకుడు మల్లికార్జునరావు కలిసి తుపాకీ ఇచ్చారు. పక్కన జయలలిత. దానికి ఆధారం ఒక ఫ్రెంచి సినిమా అనీ, అందులో గూఢచారి నెంబరు 117 అనీ నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. మనవాళ్ళు మర్యాదగా ఒకటి తగ్గించుకున్నారన్నమాట. ఆ బొమ్మతో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండు అయిపోయాడు.

అద్దె సైకిళ్ళ మీద నలుగురం బోధన్ వెళ్ళి చూశాం. తిరుగుదారిలో నలుగురమూ 116లమే. శత్రువు వేషానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. చివరకు ఎదురుగా వస్తున్న ఎడ్లబండాయనను శత్రువును చేసి చుట్టుముట్టాం. ఆయన చర్నాకోల పైకెత్తగానే మా గూఢచర్యం అంతటితో ముగిసింది.

ఇదంతా చెప్పి, మనవడు మెచ్చుకుంటాడేమో అని చూశాను. వాడు పెదవి విరిచి, "అది సీరియస్ స్పై తాతా. నేను నీకు నవ్వొచ్చే స్పైని చూపిస్త, ఆగు" అన్నాడు. ఫోనులో ఏదో వెదికి దాన్ని టెలివిజన్‌కు తగిలించాడు. తెర మీద నలుపు తెలుపు బొమ్మ పడింది. నా మనవడు నలుపు తెలుపు బొమ్మ పెట్టడమా! అప్పుడే నాకు ఆ కార్యక్రమం మీద గౌరవం కలిగింది.

దాని పేరు 'గెట్ స్మార్ట్'. అమెరికాలో 1965 సెప్టెంబరు 18న మొదటిభాగం వచ్చింది. రాసినవాళ్ళు మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ అనే ఇద్దరు హాస్యగాళ్ళు. ముందు వీరి కథను ఒక టెలివిజన్ కంపెనీ చదివి వద్దన్నదట; మరో కంపెనీ తీసుకున్నది. ఆ తర్వాత అయిదేళ్ళ పాటు, 1970 దాకా, 138 భాగాలు వచ్చాయి. మొదటిది ఒక్కటే నలుపు తెలుపు. తక్కినవన్నీ రంగులే. మేము చూసింది ఆ మొదటిదే. పేరు 'మిస్టర్ బిగ్'.

ఇందులో గూఢచారి మాక్స్‌వెల్ స్మార్ట్. నెంబరు 86. వేసినవాడు డాన్ ఆడమ్స్. ఈ వేషానికి ఆయనకు మూడుసార్లు ఎమ్మీ బహుమతి వచ్చింది. పేరుకే స్మార్టు. మనిషి మాత్రం తలుపు దాటితే వేలు నలగ్గొట్టుకునే రకం. కాని సూటు నలగనివ్వడు, మాట తగ్గనివ్వడు. తప్పు చేసినప్పుడల్లా అది తన పథకంలో భాగమే అన్నట్టు మొహం పెడతాడు. ఆయన పనిచేసే సంస్థ పేరు కంట్రోల్, శత్రువుల ముఠా పేరు కేయాస్. అంటే అదుపు ఒక పక్క, అల్లకల్లోలం ఒక పక్క. ఏ పక్కన ఏది ఎక్కువగా ఉన్నదో చూసేవాళ్ళే తేల్చుకోవాలి.

కథ సంగీత కచ్చేరీతో మొదలవుతుంది. పెద్దమనుషులంతా సూటూ బూటూ వేసుకుని కళ్ళు మూసుకుని వింటున్నారు. ఇంతలో ట్రింగుమని టెలిఫోను మోగుతుంది. అందరూ తలలు తిప్పి చూస్తారు. మోగుతున్నది మన 86 గారి బూటు! ఆయన లేచి, అందరినీ దాటుకుంటూ బయటికి పోయి, ఒక చిన్న గదిలో దూరి, బూటు విప్పి చెవిన పెట్టుకుని పై అధికారితో మాట్లాడతాడు.

నా మనవడు దీనికి నవ్వలేదు. వాడి లెక్కలో కచ్చేరీలో ఫోను మోగడం వింత కాదు. మొన్న మా ఊరి పెళ్ళిలో తాళి కట్టే వేళకు పురోహితుడి రొండిన ఉన్న ఫోనే మోగింది. కాని నాకు ఆపుకోలేనంత నవ్వు వచ్చింది. 1965లో మా వీధి మొత్తానికి ఫోను లేదు. ఒక మనిషి తన ఒంటి మీదనే ఫోను పెట్టుకు తిరగడమన్న ఊహే అప్పట్లో హాస్యం. అరవై ఏళ్ళు తిరిగేసరికి హాస్యం ఆరిపోయింది, ఫోను మిగిలింది. వాడు నవ్వకపోవడం చూసి నాకు మరింత నవ్వు వచ్చింది.

ఆ నవ్వు విని మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. రెండు నిముషాలు నిలబడి చూసి, "మన చంటబ్బాయి లెక్కనే ఉన్నడు గదా ఈయన" అని పక్కన కూర్చున్నది.

ఆ మాట నిజమే సుమండీ. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలను జంధ్యాల 1986లో 'చంటబ్బాయ్' సినిమాగా తీశారు. అంతవరకు కత్తులు తిప్పి, గుర్రాలెక్కి, కొట్లాటలు కొట్టిన చిరంజీవి అందులో తనను తాను జేమ్స్ పాండ్ అని చెప్పుకునే డిటెక్టివు. బాండు కాదు, పాండు! పాండురంగారావు లోంచి వచ్చిన పాండు. మన 116 ఒకటి తగ్గించుకుంటే ఈయన ఒక అక్షరం మార్చుకున్నాడు. మా ఆవిడ ఆ సినిమా ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు.

ఈ ఇద్దరిలోనూ ఉన్న గొప్ప ఒకటే. వాళ్ళు కావాలని కోతివేషాలు వేయరు. చేస్తున్న పని మీద వాళ్ళకు నిండా భక్తి. నవ్వించాలని చూసేవాణ్ణి చూసి ఒకసారి నవ్వుతాం. తాను నవ్విస్తున్నానని ఎరగనివాణ్ణి చూసి పదిసార్లు నవ్వుతాం. పదకొండోసారి వాడి మీద జాలి కలుగుతుంది. పన్నెండోసారికి వాడు మన ఇంటి మనిషి అవుతాడు.

ఇంతకీ కథలో కేయాస్ ముఠావాళ్ళు డాంటే అనే శాస్త్రవేత్తను ఎత్తుకుపోయారు. ఆయన కనిపెట్టిన యంత్రం వేడిని ప్రళయంగా మార్చగలదు. డబ్బు ఇస్తారా, దేన్ని కాల్చమంటారు అని బెదిరింపు. ఈ సంగతి చర్చించడానికి 86 తన పై అధికారి గదికి వస్తాడు. ఆ అధికారిని అందరూ 'చీఫ్' అంటారు. ఎడ్వర్డ్ ప్లాట్ వేశాడు. తలనొప్పి మనిషి రూపం ధరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాడు పాపం.

చీఫ్ విషయం మొదలుపెట్టబోతాడు. 86 చెయ్యి అడ్డం పెడతాడు. ఇది పరమ రహస్యం, నిబంధన ప్రకారం 'నిశ్శబ్ద యంత్రం' దించవలసిందే అంటాడు. వద్దయ్యా, అది సరిగా పనిచేయదు అని చీఫ్ మొత్తుకుంటాడు. నిబంధన నిబంధనే అని ఈయన పట్టు పడతాడు. చేసేది లేక చీఫ్ మీట నొక్కుతాడు. పై కప్పు లోంచి గాజులాంటి పెద్ద బుర్ర ఒకటి దిగివచ్చి ఇద్దరి తలలనూ కప్పేస్తుంది. చూడడానికి అచ్చం మన ఇళ్ళలో కోళ్ళను కమ్మే గంపే. కాకపోతే ఆరపార కనబడుతుంది.

ఇక చూడండి తమాషా. గంప కింద ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినబడదు. చీఫ్ అరుస్తాడు, 86 ఏమిటేమిటి అంటాడు. 86 అరుస్తాడు, చీఫ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటాడు. రహస్యం బయటికి పోకూడదని దించిన యంత్రం, రహస్యం తెలియవలసిన ఇద్దరినే చెవిటివాళ్ళను చేసింది. తర్వాతి భాగాల్లో ఈ గంపను ఎన్నో విధాల దించుతారట. కొన్నిచోట్ల లోపలివాళ్ళకు వినబడని మాట బయట నిలబడ్డవాళ్ళకు చక్కగా వినబడుతుందట. చేత పట్టుకుపోయే చిన్న గంప కూడా ఒకటి ఉన్నదట. ఇవన్నీ మనవడే చెప్పాడు.

నేనూ మా ఆవిడా కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం. వాడు మాత్రం తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండానే, "ఎందుకట్ల నవ్వుతున్నరు తాతా? మనింట్ల కూడా ఇట్లనే కదా" అన్నాడు.

"మనింట్లో ఏమున్నదిరా?" అన్నాను.

"నువ్వూ నానమ్మా గడ్డ సంగతి వంటింట్ల మాట్లాడుకుంటరు, నాకు వినబడ్తది. డాడీ మమ్మీ ఉద్యోగం పోయిన సంగతి బాల్కనీల మాట్లాడుకుంటరు, అది కూడా వినబడ్తది. వాళ్ళది మీకు వినబడదు. మీది వాళ్ళకు వినబడదు."

నవ్వు ఆగిపోయింది. మా ఆవిడ నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

సంగతి ఇదీ. ఆ ఏడు హోళీ పండుగనాడు మా ఆవిడకు ఎడమ రొమ్ము పక్కన రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు గనుక కంగారు లేదనుకున్నాం. హైదరాబాదులో అబ్బాయికి చెబితే పనులన్నీ మానుకుని పరుగెత్తుకొస్తాడు; పిల్లవాడి పరీక్షలున్నాయి; సెలవులు కానీ, తర్వాత చూద్దాం అనుకున్నాం. సెలవులు వచ్చాయి. మనవడు వచ్చాడు. వాడి సెలవులు పాడుచేయడం ఎందుకు, జూన్‌లో చూద్దాం అనుకున్నాం. రైస్ మిల్లులో ముప్పై ఆరేళ్ళు లెక్కలు రాసిన గుమాస్తాను నేను. రోజూ సాయంత్రానికి పద్దు తేల్చందే ఇంటికి వచ్చేవాణ్ణి కాను. ఇంటి పద్దు మాత్రం రెండున్నర నెలలు ఖాళీగా ఉంచాను.

అక్కడ మా అబ్బాయి కథ వేరు. వాడి కంపెనీలో మార్చి ఆఖరుకు కొందరిని తీసివేశారు. అందులో వీడొకడు. ముసలివాళ్ళకు చెబితే బెంగపడతారు, ఇంకో ఉద్యోగం దొరికాక చెబుదాం అనుకున్నాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసేవాడు. "బాగున్నరా?" "బాగున్నం. నువ్వు బాగున్నవా?" "బాగున్న." రెండు గంపలు, నడుమ ఒక ఫోను. ఎవరికీ ఏమీ వినబడలేదు.

విన్నవాడు ఒక్కడే. వాడికి పదకొండేళ్ళు.

"మరి మాకు చెప్పలేదేంరా?" అని అడిగింది మా ఆవిడ. "డాడీ మీకు చెప్పొద్దన్నడు. నువ్వేమో తాతతోని డాడీకి చెప్పొద్దన్నవు. అందుకని ఎవరికీ చెప్పలే" అన్నాడు వాడు. చెప్పి, ఏమీ జరగనట్టు మళ్ళీ బొమ్మ నడిపించాడు. మేము ఎవరి సెలవులు పాడుకాకూడదనుకున్నామో ఆ పిల్లవాడే రెండు ఇళ్ళ మూటలు నెత్తిన పెట్టుకుని మోస్తున్నాడు. పెద్దవాళ్ళం, మాకా సంగతి తట్టనే లేదు.

మిగతా కథ నేను సగం మనసుతోనే చూశాను. అయినా ఒక్క చోట మళ్ళీ మనసు పూర్తిగా అటే పోయింది. దాన్ని మీకు చెప్పాలి.

ఈ కథలో 86కు తోడు మరో గూఢచారి ఉంటుంది. నెంబరు 99. మొదట మగ డ్రైవరు వేషంలో టోపీ పెట్టుకుని వస్తుంది. బార్బరా ఫెల్డన్ వేసిన ఈ వేషానికి నెంబరు తప్ప అసలు పేరేమిటో అయిదేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆమెకు 86 కంటే తెలివి ఎక్కువ. ఆ సంగతి ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. ఇది ఎన్నో ఇళ్ళలో ఉన్నదే గనుక విస్తరించను. వీళ్ళకు తోడు ఫాంగ్ అనే కుక్క ఒకటి. ఈ ముగ్గురూ శత్రువును వెదుక్కుంటూ చెత్త మోసే పడవ ఒకదాన్ని చేరతారు. ఆ చెత్తంతా రబ్బరు చెత్త! కింద ముఠా నాయకుడి స్థావరం. నాయకుడి పేరు మిస్టర్ బిగ్, అంటే పెద్దాయన. వేసిన మైకేల్ డన్ చాలా పొట్టి మనిషి. గొంతూ ఠీవీ మాత్రం పేరుకు తగ్గట్టే ఉంటాయి.

86 పట్టుబడతాడు. చేతులు పైకెత్తి కూడా బింకం వదలడు. ఈ పడవ వైపు ఏడు రక్షణ నౌకలు వస్తున్నాయని బెదిరిస్తాడు. పెద్దాయన నమ్మడు. పోనీ ఆరు అంటే నమ్ముతావా అంటాడు. నమ్మడు. చివరికి, తెడ్డు వేసుకునే చిన్న పడవలో ఇద్దరు పోలీసులు అంటే ఎలా ఉంటుంది అని అడుగుతాడు. మన బాన్సువాడ అంగడిలో బేరం ఆడినట్టే. కాకపోతే ఇక్కడ అమ్మేది వంకాయలు కాదు, అబద్ధం. ఈ ధోరణి ఆ తర్వాత ఎన్నో భాగాల్లో వచ్చి అమెరికాలో ఇంటింటి మాట అయిపోయిందట. పెద్దాయన చివరికి తాను ఎత్తుకొచ్చిన యంత్రానికే బలి అవుతాడు. అది లెండి, గూఢచారి కథల్లో ఎప్పుడూ జరిగేదే.

ఆ రాత్రి ఎనిమిదింటికి ఫోను మోగింది. బూటు కాదు, మామూలు ఫోనే.

"బాగున్నరా బాపూ?" అన్నాడు అబ్బాయి.

"ఉన్నం. నీ ఉద్యోగం ఎట్లున్నది?"

"మంచిగున్నది."

"నిజంగనా?"

కొంచెం ఆగాడు. "కొంచెం పని తక్కువున్నది. ఇంటికాడి నుంచే చేస్తున్న."

"నిజం చెప్పు బిడ్డా."

ఈసారి చాలాసేపు ఆగాడు. "మార్చిల తీసేసిండ్రు బాపూ."

ఏడు నౌకలు, ఆరు నౌకలు, చిన్న పడవలో ఇద్దరు పోలీసులు! పక్కన కూర్చున్న మనవడు నా మోచేయి పొడిచాడు. వాడూ అదే అనుకున్నాడు కాబోలు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నేనేమన్నా సత్యహరిశ్చంద్రుణ్ణా? "అమ్మ ఎట్లున్నది?" అని వాడు అడిగితే, "బాగనే ఉన్నది" అన్నాను. "కొంచెం నలత" అన్నాను. మా ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుని, "గడ్డ అయింది బిడ్డా, హోళీ నుంచి ఉన్నది" అన్నది. నేను మూడు మెట్లు దిగవలసిన చోట ఆమె ఒక్క దూకు దూకింది. 99 అని ఊరికే అనలేదు నేను.

మర్నాడు మధ్యాహ్నానికి కొడుకూ కోడలూ కోటగిరిలో ఉన్నారు. ఎల్లుండికి మేమంతా హైదరాబాదులో ఆసుపత్రిలో ఉన్నాం. పరీక్షలు చేశారు. గడ్డ మంచిది కాదన్నారు. రెండు నెలలు ముందు వచ్చి ఉంటే ఇది ఇంకా చిన్నదిగా ఉండేది, కోత కూడా చిన్నదయ్యేది అన్నది డాక్టరమ్మ. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది.

ఇంకో సంగతి అక్కడి మెట్ల మీద కూర్చున్నప్పుడు అబ్బాయి చెప్పాడు. వాడి కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమాలో మా ఇద్దరి పేర్లు కూడా ఉన్నాయట. తెల్లకార్డు లేని మాబోటివాళ్ళకు ఆ బీమాయే దిక్కు. ఉద్యోగంతో పాటే అదీ పోయింది. హోళీ మార్చిలోనే వచ్చింది. మేము ఆ వారమే చెప్పి ఉంటే పని జరిగిపోయేది. ఏ కొడుకు ఖర్చు గురించి భయపడి దాచామో ఆ కొడుకునే అప్పుల్లోకి దించాం. ఉన్న ఎకరంన్నరలో అరెకరం అమ్మాం. మిగతాది కోడలు గాజులు.

ఆపరేషన్ జూన్‌లో అయింది. మందు ఎక్కించడం దీపావళి దాకా సాగింది. ఆ రోజుల్లో ఆసుపత్రిలో గంటలు గంటలు కూర్చోవలసి వచ్చినప్పుడు 'గెట్ స్మార్ట్' భాగాలు వరసగా చూశాం, చిన్న ఫోను మీద ఇద్దరం తలలు ఆనించుకుని. పక్క కుర్చీలవాళ్ళు కూడా తొంగి చూసేవాళ్ళు. భాష తెలియనివాళ్ళు కూడా గంప దిగగానే నవ్వేవాళ్ళు. ఆ బాధలో అంత మంది కలిసి నవ్వడం నేనెక్కడా చూడలేదు. జుట్టు ఊడిపోయిన రోజున మా ఆవిడ అద్దంలో చూసుకుని, "ఇప్పుడు నేను ఏ వేషమన్న కట్టొచ్చు" అన్నది. ఇప్పుడు మళ్ళీ జుట్టు వచ్చింది. మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళి వస్తున్నాం. అబ్బాయికి వేరే చోట పని దొరికింది. జీతం మునుపటికన్నా తక్కువ. ఎంత తక్కువో మాకు చెప్పాడు.

ఒక తమాషా భాగం గురించి రాస్తానని మొదలుపెట్టి ఇంటి గోడు చెప్పానని విసుక్కోకండి. ఆ గంప గురించి నేను చాలా ఆలోచించాను. 86 తెలివితక్కువవాడు కావడం వల్ల కాదు ఆ సన్నివేశం పండింది. అది పనిచేయదని చీఫ్‌కు తెలుసు. తెలిసీ మీట నొక్కుతాడు. ఎందుకు? నిబంధన గనుక. మన ఇళ్ళలో కూడా పుస్తకంలో రాయని నిబంధనలు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్ళకు చెడ్డవార్త చెప్పకూడదు. దూరాన ఉన్న పిల్లలకు జబ్బు సంగతి చెప్పకూడదు. మగవాడు ఉద్యోగం పోయిందని చెప్పకూడదు. ఆడది ఒంట్లో బాగులేదని చెప్పకూడదు. ఇవన్నీ ప్రేమతో పెట్టుకున్నవే, నేను కాదనను. గంపను కూడా మంచికే కనిపెట్టి ఉంటారు.

గడ్డలన్నీ ప్రాణం తీసేవి కావు. కాని ఏది ఏదో చేత్తో తడిమి తెలుసుకోవడం మనవల్ల కాదు. నొప్పి లేకపోవడం కూడా గుర్తు కాదు. మాకు తెలియక పోగొట్టుకున్న రెండున్నర నెలలు మీలో ఎవరూ పోగొట్టుకోవద్దని ఇంతదూరం చెప్పాను.

ఇప్పటికీ రాత్రి ఎనిమిదింటికి ఫోను వస్తుంది. "బాగున్నరా?" "బాగున్నం." అంతటితో పెట్టేయబోతే అటు నుంచి మనవడు అడ్డం వస్తాడు. "తాతా, గంప ఎత్తు!" అంటాడు. అప్పుడు మొదలవుతాయి అసలు మాటలు. నిన్న నేను మోకాలి నొప్పి సంగతి చెప్పాను. అబ్బాయి ఈ నెల బాకీ కట్టలేకపోయిన సంగతి చెప్పాడు. చివర్న, "మరి నీ సంగతేందిరా?" అని మనవణ్ణి అడిగాను.

"లెక్కల్ల ఎనభై వచ్చినయ్" అన్నాడు.

"నిజంగనా?"

"డెబ్బై అంటే నమ్ముతవా?"

"నమ్మను."

"అయితే ముప్పై ఆరు" అన్నాడు వాడు. నమ్మాను.